పాకకు ఉన్న లెక్క ఇంటికీ ఉండాలి

(సహకార ఇన్‌స్పెక్టరు, కోరుకొండ)

పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పుస్తకాలు, నిల్వలు, లాక్టోమీటరు అన్నీ చూచిన తరువాత, వీలున్నంతవరకు నలుగురైదుగురు సభ్యుల పశువుల పాకలు కూడా చూచి రావడం మాకు అలవాటు. గాలి ఎటునుంచి వస్తున్నది, నేలకు వాలు ఉన్నదా, మూత్రం నిలవకుండా కాలువలోకి పోతున్నదా, పేడ ఎక్కడ వేస్తున్నారు అని అడుగుతాము. లోపం కనిపించిన చోట చెప్పి వస్తాము. మరుసటి తనిఖీ నాటికి చాలామంది సభ్యులు సరిచేసుకుంటారు కూడా. అందుకు సంతోషమే.

రెండు సంవత్సరాల క్రితం ఏప్రిల్ నెలలో కోరుకొండ మండలంలోని ఒక గ్రామంలో ఇట్లాగే ఒక సభ్యుని పాక చూశాము. చక్కని పాక. రెండు వైపులా గాలి, ఎత్తయిన కప్పు, నడుమ నీళ్ళ తొట్టి, పడమటి వైపు కానుగ చెట్ల నీడ. గేదెలు నాలుగూ హాయిగా నెమరు వేస్తున్నాయి. మెచ్చుకున్నాము. తరువాత ఆయన తల్లిగారిని గురించి అడిగాము. ఆమె సంఘంలో పాత సభ్యురాలు. రెండు పూటలా తానే గిన్నె పట్టుకొని పాల కేంద్రానికి వచ్చి, కొవ్వు శాతం చూపించేదాకా కదిలే మనిషి కాదు.

"ఆయ్, లోపలే ఉన్నారండి. ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదండి. వయసు మీద పడింది కదండీ" అన్నాడాయన.

లోపలికి వెళ్ళాము. పాత పెంకుటిల్లు తీసేసి మూడేళ్ళ క్రితం స్లాబు వేశారు. ముందు హాలు, టి.వి., నున్నని టైల్సు. ఆమె మంచం మాత్రం మెట్ల వెనుక గదిలో ఉన్నది. ఆ గదికి కిటికీ లేదు. అప్పటికి సాయంత్రం నాలుగు గంటలు. తలుపు తీయగానే పొయ్యి ముందు నిలబడినట్లు సెగ కొట్టింది. ఆమె మమ్మల్ని గుర్తుపట్టి, "బాబూ, ఈవేళ వెన్నెంత వచ్చింది?" అని అడిగింది. ఆమె గేదెను ఇల్లు కట్టే ఖర్చుల కింద అమ్మివేసి అప్పటికి మూడేళ్ళు దాటింది.

పాకను నోరారా మెచ్చుకున్న మేము ఆ గది చూచి వెంటనే ఏమీ చెప్పలేకపోయాము. అంతకుముందు ఏడాది తనిఖీకి కూడా మేమే వచ్చాము. పాక చూచి, మజ్జిగ తాగి, సంతకం పెట్టి వెళ్ళాము. ఇల్లు చూడటం మా పని కాదనుకున్నాము. ఈ వ్యాసం ఆ తప్పును దిద్దుకోవడానికి వ్రాస్తున్నదే.

గేదెకు ఎంత చోటు, మనిషికి ఎంత చోటు

పాడి గేదె ఒక్కంటికి కప్పు కింద 4 చదరపు మీటర్లు, ఆరుబయట 8 చదరపు మీటర్లు ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అనగా కప్పు కింద ఎంత చోటో, ఆకాశం కింద దానికి రెట్టింపు చోటు. ఎందుకంటే గాలి, వెలుతురు, తిరగడానికి వీలు లేని పశువు మేత తినదు, తిన్నా పాలివ్వదు. ఈ సంగతి సభ్యులకు మేము చెప్పనక్కర లేదు.

మనుష్యుల ఇళ్ళకు కూడా ఇటువంటి లెక్కలున్నాయి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంట్లో కనీసం ఒక నివాసపు గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అది ఇంచుమించు 102 చదరపు అడుగులు. ఉక్కతో కూడిన వేడి ప్రాంతాలలో తలుపులు కాక, కిటికీల వైశాల్యమే నేల వైశాల్యంలో ఆరవ వంతు ఉండాలి. మన గోదావరి ప్రాంతం అటువంటిదే. పది అడుగులు, పన్నెండు అడుగుల గది అయితే 120 చదరపు అడుగులు. అందులో ఆరవ వంతు 20. అంటే రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు గల కిటికీలు రెండు. ఇంతే లెక్క. మీ ఇంట్లో ప్రతి గదికీ వేసి చూసుకోండి.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. నర్సుల వృత్తికి బాట వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1860 ప్రాంతంలో ప్రచురించిన పుస్తకంలో ఆరోగ్యకరమైన ఇంటికి అయిదు విషయాలు కావాలని వ్రాశారు. అవి మంచి గాలి, మంచి నీరు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించిన మన కాటన్ దొరకు, ఈమెకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచేవి. భారతదేశంలో నీటి పారుదల కోసం ఆయన వాదిస్తుంటే ఆమె బలపరచేవారు. ఆమె చెప్పిన అయిదింటికి మేము ఆరవది కలుపుతాము. అది మాట పలుకు. దాని సంగతి చివర చెబుతాము.

మండువా లోగిలి ఏమి చేసేది

మన జిల్లాలలో పాత మండువా లోగిళ్ళు ఇప్పటికీ అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాటి వెనుక గదులు. నాలుగు కప్పుల వాన నీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. పగలు ఇంట్లో వేడెక్కిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతుంది. రాత్రి చల్లబడిన గాలి బరువై అందులోకి దిగుతుంది. ఏ గదిలో కూర్చున్నా ఒకవైపు వీధి గాలి, మరొకవైపు మండువా వెలుతురు ఉంటాయి. వీధి వైపు అరుగులు ఉండేవి. దారిన పోయేవారు అక్కడ కూర్చుని నాలుగు మాటలు చెప్పి పోయేవారు.

అయితే పాతదంతా మంచిదని మేము చెప్పటం లేదు. ఆ లోగిళ్ళు అందరికీ ఉండేవి కావు. వాటిలో పని చేసిన కూలీలు తాటాకు పాకల్లోనే ఉన్నారు. లోగిళ్ళలోనూ వంటిల్లు చీకటి, పొగ. తాటాకు ఇల్లు చల్లనే గాని వేసవిలో నిప్పు రవ్వ పడితే వీధి వీధీ పోయేది. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమలో ఎన్ని కప్పులు ఎగిరిపోయాయో చూచినవారు మనలో చాలామంది ఉన్నారు. కాబట్టి స్లాబు ఇల్లు కావాలనుకోవడంలో తప్పులేదు. అది రక్షణ. తప్పు ఎక్కడ జరుగుతున్నదంటే, కప్పు మార్చినప్పుడు పాత ఇంటిలోని గాలి, వెలుతురు, అరుగు కూడా పారవేసి, వాటి స్థానంలో ఏమీ పెట్టకపోవడంలో.

స్లాబు వేడి

వేసవిలో సాయంత్రం పూట కోరుకొండ నరసింహస్వామి కొండ ఎక్కినవారికి ఈ సంగతి కాళ్ళకే తెలుస్తుంది. సూర్యుడు దిగిపోయినా రాతి మెట్లు కాలుతూనే ఉంటాయి. రాయి పగలంతా వేడి తాగి, పొద్దు గుంకిన తరువాత మెల్లగా వదులుతుంది. స్లాబు కూడా అంతే. కనుకనే రాత్రి పది గంటలకు బయట గాలి చల్లబడినా, ఇంట్లో ఫ్యాను తిప్పితే వేడి గాలే వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి పాలు పితకడానికి లేవవలసిన మనిషికి రాత్రి పన్నెండు దాకా నిద్ర పట్టదు. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా మరణించారు. వడదెబ్బ ఎండలో తిరిగినవారికే కాదు, రాత్రి కూడా చల్లబడని గదిలో పడుకున్న ముసలివారికీ ప్రమాదమే.

దీనికి ఖర్చు తక్కువైన ఉపాయాలు ఉన్నాయి. స్లాబు పైన ఏటేటా వేసవికి ముందు చిక్కని తెల్ల సున్నం రెండు పూతలు వేయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. గది వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. ఇంకొక ఉపాయం స్లాబు మీద పందిరి కట్టి బీర, ఆనప, చిక్కుడు పాదులు పాకించడం. కూరలు వస్తాయి, నీడా వస్తుంది. కాని స్లాబు మీద ఎండుగడ్డి పేర్చకండి. నిప్పు భయం.

గాలికి రెండు దారులు

ఒక్క కిటికీ ఉంటే చాలునని కొందరి అభిప్రాయం. నూనె డబ్బాకు ఒక్క కన్నం పెడితే నూనె గుటుక్కు గుటుక్కుమని ఆగి ఆగి వస్తుంది. ఎదురుగా రెండో కన్నం పెడితే ధారగా వస్తుంది. గాలి కూడా అంతే. వచ్చే దారి, పోయే దారి రెండూ ఉంటేనే కదులుతుంది. ఎదురెదురుగా కిటికీలు పెట్టండి. వీలు లేకపోతే ఒక గోడకు కిటికీ, ఎదుటి గోడకు కప్పు దగ్గరగా వెంటిలేటరు పెట్టండి. వేడి గాలి పైకి పోతుంది కనుక దానికి దారి కూడా పైననే ఉండాలి.

మనకు వేసవి సాయంత్రాలలో దక్షిణం నుంచి పైరగాలి వస్తుంది. దక్షిణపు గోడకు కిటికీ లేని ఇల్లు ఆ గాలిని గుమ్మంలోనుంచే వెనక్కి పంపినట్లు. ఎండ పడుతుందని దక్షిణపు కిటికీ వద్దనేవారు ఒక లెక్క గమనించాలి. మనం ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాము. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అందుచేత ఆ రోజులలో దక్షిణపు కిటికీలోకి మధ్యాహ్నపు ఎండ రాదు. శీతాకాలంలోనే వస్తుంది, అప్పుడు అది హితవే. అసలు బాధ పెట్టేది పడమటి ఎండ. పడమటి వైపు పెద్ద కిటికీలు తగ్గించి, వేపో కానుగో పెంచండి. పాకకు చేసిన పనే ఇంటికీ చేయండి.

వాస్తు గురించి కొందరు అడుగుతారు. ఎవరి నమ్మకం వారిది, అందులో మేము వేలు పెట్టము. వాస్తు పేరు చెప్పి ఉన్న కిటికీ మూయమన్నప్పుడు మాత్రం, దానికి బదులు గాలి వచ్చే దారి ఎక్కడో చూపించమని అడగండి. అడగడంలో దోషం లేదు.

స్థలం చిన్నదని కొందరి ఇబ్బంది. 2020లో గ్రామాలలో పేదలకు సెంటున్నర చొప్పున ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. అది 72 గజాల పైచిలుకు. అందులో మండువా పట్టదు, నిజమే. కాని ఇంటి నడుమగాని, వెనుక గదుల మధ్యగాని నాలుగడుగుల చదరం పైకి తెరిచి ఉంచి ఇనుప ఊచలు వేయించండి. దానిలోకి వెనుక గది కిటికీ తెరుచుకునేటట్లు పెడితే చిన్న మండువా పని అది చేస్తుంది.

పొగ

ఇంటి పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లలకు నెమ్ము, ఆడవారికి ఊపిరితిత్తుల జబ్బులు, కంటి శుక్లాలు ఈ పొగ చలవే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చి గ్యాసు చాలా ఇళ్ళకు చేరింది. అయినా పాడి ఉన్న ఇళ్ళలో రెండో పొయ్యి ఆరలేదు. ఉలవలు ఉడకబెట్టడానికి, వేన్నీళ్ళకు పుల్లల పొయ్యి పెరట్లో రాజుకుంటూనే ఉంటుంది. ఆ పొయ్యి పడక గది కిటికీ కిందనో, పిల్లలు చదువుకునే వసారా పక్కనో ఉంటే గ్యాసు వచ్చి లాభం లేదు. దానిని గాలి వాలుకు, ఇంటికి దూరంగా మార్చండి. పైన చిన్న కప్పు, నాలుగు వైపులా తెరిపి చాలు.

నాలుగైదు పశువులున్న సభ్యులు గోబర్ గ్యాసు సంగతి ఆలోచించవచ్చు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు ఇంచుమించు 50 కిలోల పేడ కావాలి. దానితో ఒక మోస్తరు కుటుంబానికి వంట సాగుతుంది. వెలువడే జారు పొలానికి ఎరువు. పెంటకుప్ప మీద ఈగలూ తగ్గుతాయి.

పాకకూ ఇంటికీ మధ్య

గేదె మన అన్నదాతే గాని, మనిషి, గేదె ఒకే కప్పు కింద పడుకోవడం ఇద్దరికీ మంచిది కాదు. క్షయ, బ్రుసెల్లా వంటి జబ్బులు పశువునుంచి మనిషికి రాగలవు. ఈడ్చుకుపోయిన గేదె పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీయకండి. పాలు కాచకుండా తాగకండి. పాకకూ పడక గదికీ మధ్య ఖాళీ చోటు వదలండి. అర్ధరాత్రి గేదె ఈనేటప్పుడు కనిపించేటట్లు ఒక కిటికీ అటు వైపు పెట్టుకుంటే చాలు.

వేసవిలో ఈగ గుడ్డు పెట్టిన వారం పది రోజులకే కొత్త ఈగ లేచి వస్తుంది. కాబట్టి పేడను వారం దాటనీయకుండా గుంటలోకి మార్చి పైన మట్టి కప్పాలి. దోమల విషయంలో మన తెలుగువారికి ఒక చరిత్ర కూడా ఉన్నది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ మొదటిసారి చూచినది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో. డెంగీ దోమ మాత్రం మురుగులో కాదు, మంచి నీళ్ళలోనే పెరుగుతుంది, పగలే కుడుతుంది. గోలేలు, నీళ్ళ తొట్లు, పాత టైర్లు, ఫ్రిజ్ వెనుక పళ్ళెం వారానికొకసారి ఒంపి, తోమి, ఆరబెట్టండి.

మరుగుదొడ్డికి రెండు గుంటల పద్ధతి మేలు. ఒకటి నిండగానే రెండో దానికి తిప్పి, మొదటిది ఏడాదికి పైగా కదపకుండా వదిలితే లోపలిది వాసన లేని ఎరువుగా మారుతుంది. ఇది నమ్మలేనివారి కోసం 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు స్వయంగా గుంటలోకి దిగి ఆ ఎరువును చేతులతో తీసి చూపించారు. కేంద్ర కార్యదర్శి చేయగా లేనిది మనకు నామోషీ ఏమిటి? గుంట మాత్రం నూతికి, బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి.

మనసుకు కూడా చోటు కావాలి

ఇప్పుడు ఆరవ విషయానికి వస్తాము. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. మన సంఘంలో నూరుమంది సభ్యులుంటే వారిలో పదిమంది అన్నమాట. వారిని మనం రోజూ పాల వరుసలో చూస్తూనే ఉంటాము, తెలియదు. ఇల్లు ఒక్కటే దీనికి కారణం కాదు. అప్పులు, జబ్బులు, తగాదాలు అనేకం ఉంటాయి. కాని ఇల్లు ఆ బరువును తగ్గించగలదు, పెంచగలదు కూడా.

అమెరికాలో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు ఒక ఆసుపత్రి రికార్డులు తీసి చూశాడు. పిత్తాశయం ఆపరేషను అయిన రోగులలో కొందరి మంచాలకు ఎదురుగా కిటికీలో చెట్లు కనిపించేవి, కొందరికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూచినవారు త్వరగా ఇంటికి వెళ్ళారు. గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. 1984లో అచ్చయిన ఈ ఫలితం తరువాత ఆసుపత్రులు కట్టే తీరునే మార్చింది. కిటికీలోంచి పచ్చని చెట్టు కనిపించడం కోరికల్లో చేరేది కాదు, అది పథ్యం వంటిది.

మేము తిరిగి చూచినంతలో ఇంట్లో నలుగురికి నాలుగు చోట్లు కావాలి.

ముసలివారికి నలుగురు కనిపించే చోటు. అరుగు తీసివేసి కాంపౌండు గోడ, ఇనుప గేటు పెట్టిన ఇంట్లో ముసలివారు సగం మౌనం అయిపోతారు. వారి మంచం వీధి వసారాలోగాని, దారి కనిపించే కిటికీ పక్కనగాని వేయండి. మరుగుదొడ్డి దగ్గరగా, దారిలో గడప లేకుండా, పట్టుకోవడానికి గోడకు ఒక పైపు ఉండాలి. తడి టైల్సు మీద జారి తుంటి ఎముక విరిగిన ముసలివారు తిరిగి లేచి తిరగడం కష్టం. స్నానాల గదికి గరుకు రాయి వేయించండి.

ఆడవారికి తమదంటూ ఒక చోటు. తెల్లవారుజామున లేచి, పాలు పితికి, పేడ తీసి, వంట చేసి, మళ్ళీ సాయంత్రం అదే పని చేసే మనిషి ఇంట్లో ఎక్కడ కూర్చుంటున్నదో ఒకరోజు గమనించండి. చాలా ఇళ్ళలో సమాధానం వంటింటి గడప. తలుపు ఉన్న స్నానాల గది, వంటింట్లో వెలుతురు, కాళ్ళు చాపుకొని అరగంట నడుము వాల్చే చోటు ఆమెకు ఉండాలి. సంఘానికి వచ్చే పాలలో ఎక్కువ వంతు ఆమె చేతి చలవే.

పాలు పితికేవారికి నిద్రించే చోటు. హాలులో టి.వి. పక్కన వారి పడక వేయకండి. నాలుగింటికి లేచేవారు తొమ్మిదింటికి పడుకోవాలి. చాలినంత నిద్ర లేని మనిషికి చిరాకు పెరుగుతుంది, చిన్న మాటకు పెద్ద తగాదా అవుతుంది.

పిల్లలకు వెలుతురున్న చోటు. కిటికీ పక్కన ఒక బల్ల, ఒక గంట నిశ్శబ్దం చాలు.

ఇంత చేసినా ఇంట్లో ఎవరైనా రోజుల తరబడి తినక, నిద్రపోక, మాట్లాడక ఉంటే అది వయసనో, పొగరనో అనుకోకండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఖర్చు లేదు. గేదె రెండు పూటలు మేత మానితే పశువైద్యునికి కబురు పెడతాము. మనిషి మాట మానితే కబురు పెట్టవద్దా?

మీరు చేయదగినవి

కొత్తగా ఇల్లు కట్టేవారు ముగ్గు పోయడానికి ముందే తాపీమేస్త్రీని నాలుగు ప్రశ్నలు అడగండి. ప్రతి గదికీ గాలి ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుంది? పడమటి గోడకు నీడ ఏది? మురుగు ఎక్కడికి పోతుంది, నూతికి ఎంత దూరం? మా అమ్మ మంచం ఎక్కడ? ప్లానులో మంచం చోటు గుర్తు పెట్టిన తరువాతనే గోడలు గీయించండి.

ఇల్లు కట్టి ఉన్నవారు ఈ వేసవికి ముందే స్లాబుకు సున్నం వేయండి. కిటికీ లేని గదిలో ఎవరూ పడుకోకుండా చూడండి, దానిని సామాన్ల గది చేయండి. పుల్లల పొయ్యి చోటు మార్చండి. గోడలో వెంటిలేటరు తొలిపించేముందు మేస్త్రీకి చూపించి, బీముకు, పిల్లరుకు తగలకుండా చేయించండి.

సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు ఒక మనవి. రాబోయే మహాజన సభలో మేత, దాణా, బోనసు విషయాలతోపాటు ఈ విషయానికీ పది నిమిషాలు కేటాయించండి. పాల కేంద్రం ముందు రెండు సిమెంటు బల్లలు వేయించి, చెట్టు నాటించండి. ఎంతోమంది పెద్దవారికి రోజులో దొరికే నాలుగు మాటలూ ఆ పాల వరుసలోనే దొరుకుతున్నాయి. పాలు పోయడం మానిన పాత సభ్యులను కూడా సాయంత్రం పూట వచ్చి కూర్చోమనండి.

మొదట చెప్పిన ఇంటి సంగతి చెప్పి ముగిస్తాము. ఆనాడు కొంచెంసేపు ఆగి, "పాక కట్టిన మేస్త్రీనే ఒకసారి ఈ గదిలోకి తీసుకురండి" అని మాత్రం ఆయనతో అన్నాము. మనసు నొచ్చుకున్నట్లే కనిపించాడు, ఏమీ అనలేదు. క్రిందటి వేసవిలో వెళితే, మెట్ల వెనుక గదిలో దాణా బస్తాలు ఉన్నాయి. ముందు వసారాకు ఇనుప ఊచలు వేయించి తల్లి మంచం అక్కడ వేశాడు. ఆమె పూర్తిగా కోలుకున్నదని మేము చెప్పము. ఒక్కొక్క రోజు ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడదట. కాని పాల వ్యాను వచ్చే వేళకు లేచి కూర్చుంటుంది. మేము వెళ్ళిన రోజు సాయంత్రం క్యాన్లు ఎక్కుతుంటే వేళ్ళ మీద లెక్క పెట్టి, "నిన్నటికంటే ఒకటి తక్కువ" అన్నది. కార్యదర్శిని అడిగితే లెక్క సరిగానే ఉన్నది.

ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు పాక చూచిన తరువాత, మీకు అభ్యంతరం లేకపోతే, ఇంట్లో అందరికంటే పెద్దవారు పడుకునే చోటు కూడా మాకు చూపించవలసిందిగా కోరుతున్నాము.